నవంబరు సైమాకి జనవరి పేజీ

ఉత్తరాన మంచు దేశపు చివరి కొసలో ఉన్న నిల్లివారా ఊళ్ళో నవంబరు అంటే నెల కాదు, మనిషి. బడి వంటగదిలో గరిటె పట్టుకుని నిలబడే సైమాని ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. పిల్లలు పిలుస్తారు, వాళ్ళ తండ్రులు పిలుస్తారు, పోస్టు బండివాడూ పిలుస్తాడు. మనిషిని చూస్తే ఆ పేరు ఎలా అతికిందో అర్థం కాదు. గుండ్రటి మొహం, ఎర్రటి బుగ్గలు, నోరు తెరిస్తే నవ్వు. ఒకసారి నవ్వడం మొదలెట్టిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. అలాంటి మనిషికి ఏడాది మొత్తంలో ఏరి ఏరి ఏడుపుగొట్టు నెల పేరు తగిలించడం అన్యాయం కాకపోతే ఏమిటి?

దీనికంతటికీ మూలం ఒక కేలండరు. ఊళ్ళో ఫొటోలు తీసేవాళ్ళ సంఘం ఒకటుంది. వాళ్ళు తీసిన బొమ్మలతో ఏటా కేలండరు వేస్తారు. అది ప్రతి ఇంట్లోనూ వంటింటి గోడకి, కాఫీ పెట్టుకునే చోటుకి ఎదురుగా వేలాడుతుంది. ఏ ఫొటో ఏ నెలకి పోవాలన్నది ఏప్రిల్లో బడి భోజనాల గదిలో కూర్చుని తేలుస్తారు. నచ్చినవాళ్ళు చేతికి ఉన్ని తొడుగు వేసుకుని పైకెత్తాలి. ఉత్త చెయ్యి ఎత్తితే లెక్కలోకి రాదు. ఎప్పుడో గదిని వెచ్చబెట్టే పొయ్యి పాడైపోయిన ఏడాది అందరూ తొడుగులతోనే కూర్చున్నారట. ఆ అలవాటు కాస్తా శాసనమై కూర్చుంది.

సైమా సంఘంలో చేరిన మొదటి ఏడాది, వానలో నానుతున్న రోడ్డు పక్కన ఎవరో వదిలేసిపోయిన జారుడు బండిని ఫొటో తీసి ఇచ్చింది. నవంబరుకి ఇంకెవరూ ఏమీ తేలేదు. ఎవరు తెస్తారు? మంచు సరిగా పడదు, పడింది నిలవదు. సూర్యుడు పోయే హడావిడిలో ఉంటాడు. ఊరంతా తడి గుడ్డలా ఉంటుంది. సరే, సైమా ఫొటో పెట్టేశారు. అంతే, ముద్ర పడిపోయింది. మరుసటేడు మండు వేసవిలో పసుపుపచ్చ పళ్ళతో నిండిన బురదనేల తీసి ఇస్తే, ఆ రోజు మబ్బు పట్టిందని దాన్నీ నవంబరుకే తోశారు. ఆ పై ఏడు బాతుల్ని తీసింది. బాతులు వెళ్ళిపోతున్నట్టున్నాయి కాబట్టి నవంబరు అన్నారు. అవి నిజానికి వస్తున్న బాతులు.

"ఏం చేస్తాం మరి," అన్నాడు అధ్యక్షుడు కౌకో కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుంటూ. "ఈవిడ ఏం తీసినా అందులో ఎక్కడో ఓ మూల నవంబరు ఉంటుంది."

ఆ మాటతో పేరు స్థిరపడిపోయింది.

జనవరి పేజీ మాత్రం ఎప్పుడూ కౌకోదే. జనవరి అంటే ఆషామాషీ కాదు. నవంబరు చివర్లో కొండల వెనక్కి పోయిన సూర్యుడు మళ్ళీ మొహం చూపించే నెల అది. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం కాసేపు రెండు కొండల సందులోంచి నారింజ తొనంత పైకొచ్చి, మనల్ని ఒకసారి చూసి, మళ్ళీ దిగిపోతాడు. ఆ తొనని పట్టడానికే కౌకో ఏటా కొండెక్కుతాడు. ఆయన నియమాలు ఆయనవి. ఫొటోలో మనిషి ఉండకూడదు, అడుగుజాడ ఉండకూడదు, తీగ ఉండకూడదు, పొగ ఉండకూడదు. నలభై ఏళ్ళు ప్రభుత్వం జీతంతో రోడ్ల మీద మంచు గోకిన మనిషి, ఉద్యోగం దిగాక ఆ మంచు మీద కుందేలు నడిచినా ఓర్చుకోలేడు.

సైమాకి ఈ జనవరి పిచ్చి ఎప్పటినించో ఉంది. కానీ కడుపులో దాచుకోవలసిన మాటని ఓ గురువారం బయట పెట్టేసింది. గురువారం అంటే బడిలో బఠాణీ సూపు, పాన్‌కేకులు. ఆ రోజు పిల్లలకి హుషారెక్కువ. వరసలో నించున్న ఓ పిల్ల పళ్ళెం చాపి, "నవంబరమ్మా, నాకు జామ్ ఎక్కువ వెయ్యవా?" అంది.

వరసంతా కిసుక్కుమంది. సైమా గరిటె పైకెత్తింది.

"వినండర్రా! ఈసారి జనవరి పేజీ నాది. రాసి పెట్టుకోండి. రాకపోతే నా ఏప్రన్ మీద నవంబరు అని నేనే ఎర్ర దారంతో ఇంతింత అక్షరాలు కుట్టుకుని, మీ అందరికీ వడ్డిస్తా!"

పిల్లలు బల్లలు వాయించారు. బడి వదిలేసరికి వార్త ఊరంతా పాకింది. సాయంత్రం దుకాణంలో పాలు తీసుకుంటుంటే కౌకో ఎదురుపడి, "దారం నేను కొనిపెట్టనా, సైమా?" అని అడిగాడు. ఆవిడ ఇంటికొచ్చి తలుపు ధడేలున వేసింది. పేరు కాస్తా ఏప్రన్ మీదకెక్కితే ఇక జన్మలో దిగదని ఆవిడకి తెలుసు.

సూర్యుడొచ్చే రోజు తెల్లారేసరికి చలి సున్నాకి నలభై ఒకటి కిందకి దిగింది. గోడ కొయ్యలు తుపాకీ పేలినట్టు పేలుతున్నాయి. సైమా మొగుడు ఓయ్వా కిటికీ దగ్గర నించుని, ఊరి అలవాటు ప్రకారం కాఫీలో జున్ను ముక్క ముంచుకుని తింటూ, బయటున్న ఉష్ణమాపకం వంక చూశాడు. మంచు మీద పరిగెత్తే మోటారు బళ్ళు బాగుచెయ్యడం ఆయన వృత్తి. సౌనా ఆయన మతం. రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో ఎర్రగా ఉడికి, బయటికొచ్చి చలిలో నిలబడి పొగలు కక్కకపోతే ఆయనకి బతికినట్టుండదు. అప్పుడు ఒంటి మీద ఉండేది ఒక్క టోపీ. ఎరుపూ తెలుపూ చారలతో ఉన్ని టోపీ, మొనదేలి పొడుగ్గా ఉంటుంది. చెవులకి వేడి తగలకుండా సైమాయే అల్లి పెట్టింది.

"నలభై ఒకటి," అన్నాడు ఓయ్వా. "బుద్ధున్న మనిషెవడైనా ఇవాళ గుమ్మం దాటుతాడా?"

"మొన్న ఇంతకన్నా చలిలో దిసమొలతో మంచులో పొర్లావు. అప్పుడెక్కడికి పోయింది బుద్ధి?"

"అది వేరు. అది ఆరోగ్యం."

"ఇదీ వేరే. ఇది జనవరి."

ఆ మాట మీద ఓయ్వా బండి తాళం అందుకున్నాడు. సైమా తొడుక్కోవడం మొదలెట్టింది. ఉన్ని మీద ఉన్ని, దాని మీద ఉన్ని, పైన రెయిన్‌డీర్ తోలు బూట్లు. కెమెరా బ్యాటరీలు రెండింటినీ రవికలోకి తోసి, చన్నీళ్ళు పోసినట్టు కెవ్వుమంది. చలికి బ్యాటరీ ఇట్టే చచ్చిపోతుంది. ఒంటి వేడి తగులుతుంటే కాసేపు బతుకుతుంది. ఆవిడ బొద్దుగా ఉండటం ఆ సంఘం మొత్తంలో ఆవిడకున్న ఒకే ఒక్క సాంకేతిక లాభం.

ఓయ్వా తన మంచు బండి మీద సైమాని సరస్సు ఒడ్డు దాకా తీసుకెళ్ళాడు. అక్కడ చేపలు పట్టేటప్పుడు తలదాచుకునే గుడిసె వాళ్ళదొకటి ఉంది, అందులోనే సౌనా. చిన్నది. మంచు కప్పేస్తే గుడిసో గుట్టో తెలియదు. ఒడ్డు పైనించే బట్టతల కొండ మొదలవుతుంది. సైమా స్కీలు కట్టుకుంటూ ముక్కూ మూతీ శాలువాతో చుట్టుకుంది.

"నేను దిగొచ్చేదాకా ఇక్కడ కూర్చో. ఏం చెయ్యకు."

"ఏం చేస్తాను? ఇక్కడ చెయ్యడానికేముంది?"

ఓయ్వా ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇక్కడే ఉంది చిక్కంతా. సౌనా పొయ్యిలో కట్టెలు పెట్టి అగ్గిపుల్ల గీయడం అన్నది ఆయన లెక్కలో ఓ పని కాదు. ఊపిరి పీల్చడం పనా? కళ్ళార్పడం పనా? ఇదీ అంతే.

కొండ మీద సంఘం అంతా అప్పటికే వరసగా నిలబడి ఉంది. కౌకో చోటు చూపించి, గీత గీసినట్టు మూడుకాళ్ళ స్టాండ్లు పెట్టించాడు. "ఎవరూ ముందుకి పోవద్దు! ఎదుటి మంచు మీద ఒక్క జాడ పడినా ఊరుకోను!" అని అరిచాడు. ఎదురుగా చూపు పారినంత మేరా మంచు మోస్తున్న చెట్లు. అవి చెట్లని చెబితే తప్ప నమ్మలేం. ముసుగులేసుకుని వంగి కూర్చున్న ముసలమ్మల్లా ఉన్నాయి. కింద గడ్డకట్టిన సరస్సు, దానికవతల రెండు కొండలు, వాటి మధ్య సందు. ఆకాశం అడుగున గులాబీ, పైన నీలం. గాలి అన్నది లేదు.

చలి ఒక హద్దు దాటిందంటే మనుషులకి కొంచెం పిచ్చెక్కుతుంది. ఎవరి కనురెప్పలు చూసినా తెల్లగా ఉన్నాయి. ఒకాయన మీసం గడ్డకట్టి కింది పెదవికి అతుక్కుపోయి, నోరు తెరవలేక మూలుగుతూ మాట్లాడుతున్నాడు. ఆయన మూలిగినప్పుడల్లా అందరూ నవ్వుతున్నారు. నవ్వితే ఊపిరి కెమెరా మీద పడి మంచవుతుంది కాబట్టి మొహాలు పక్కకి తిప్పుకుని మరీ నవ్వుతున్నారు. రెయిన్‌డీర్లు మేపే మారెత్, సైమాకి చిన్నప్పటి నేస్తం, పక్కకొచ్చి నించుంది.

"ఏమే, పిల్లలు ఎలా ఉన్నాయి?"

"పిల్లలేమిటే?"

"రవికలో పెట్టుకుని పొదుగుతున్నావుగా!"

సైమాకి నవ్వు మొదలైంది. ఇంకేముంది, కౌకో నుదురు చిట్లించాడు.

"అక్కడ ఇకఇకలు చాలు! అరగంటలో సూర్యుడొస్తాడు."

సరిగ్గా అప్పుడే సరస్సు ఒడ్డున, మంచు గుట్టలాంటి గుడిసె నెత్తి మీదనించి, సన్నగా తెల్లటి దారం ఒకటి పైకి లేచింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. దారం తాడైంది. తాడు మోకయింది. గాలి లేని ఆ చలిలో పొగ అటూ ఇటూ వంగదు, పరుగెత్తదు. నిటారుగా, తీరిగ్గా పైకి, పైపైకి, చివరికి రెండు కొండల సందుకి నట్టనడుమ స్తంభంలా నిలబడింది. సైగ చేసి నిలబెట్టినా అంత సూటిగా నిలబడేది కాదు.

కౌకో కెమెరాలోంచి మొహం పైకెత్తాడు. ఆయన ముక్కు మీద చర్మం కొంచెం చలికి అతుక్కుని కెమెరాకే ఉండిపోయింది. అది కూడా తెలియలేదు.

"పొగ!" అన్నాడు. "ఎవరిదా పొగ?"

సమాధానం అందరికీ తెలుసు. అందరి తలలూ మెల్లిగా సైమా వైపు తిరిగాయి. ఇన్నేళ్ళ కోరిక, పిల్లల ముందు కొట్టిన గొప్ప, ఎర్ర దారం, అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"ఓయ్వా!" అని అరిచింది. "పొయ్యి ఆర్పు! ఓయ్ ఓయ్వా! ఆర్పవయ్యా నీ పొయ్యి!"

ఆ చలిలో అరుపు ఎంత దూరమైనా పోతుంది గానీ, మూసిన కొయ్య గోడల్లోకి ఎలా పోతుంది? లోపల రాళ్ళు చుయ్యిమంటున్నాయి, ఓయ్వా కూనిరాగం తీస్తున్నాడు. పొగ ఇంకాస్త లావెక్కింది.

"కుడి పక్కకి పదండి!" అని కౌకో కేకేశాడు. "కొండ భుజం మీదకి! అక్కడినించి పొగ అడ్డు రాదు. త్వరగా!"

అంతే, సంఘం మొత్తం స్టాండ్లు భుజానేసుకుని, స్కీల మీద పడుతూ లేస్తూ, అంతసేపూ కంటికి రెప్పలా కాపాడుకున్న మంచుని కచ్చాపిచ్చాగా తొక్కుకుంటూ పరుగెత్తింది. అందరికన్నా ముందు తొక్కింది కౌకోయే. అది చూసి మారెత్ ఉన్నచోటనే మంచులో చతికిలబడి పొట్ట పట్టుకుంది.

"చూడవే, చూడు! మంచు గోకే బండి మళ్ళీ డ్యూటీ ఎక్కింది!"

సైమాకి ఏడుపు రావాలి. న్యాయంగా అయితే రావాలి. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ దారిలో ఏమైందో, బయటపడేసరికి నవ్వైపోయింది. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు. మొగుడి మీద కోపం, కౌకో పరుగు, రవికలో బ్యాటరీలు, ఏప్రన్ మీద అక్షరాలు, అన్నీ కలిసి పొర్లుకొచ్చాయి. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కారిన నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి. ఎడమ కన్ను టక్కున మూసుకుపోయింది.

"మారెత్, నా కన్ను!"

"ఇంకోటుందిగా, దాంతో చూడు! అదుగో, అటు చూడు!"

మిగిలిన కంటితో సైమా చూసింది. రెండు కొండల మధ్య, పొగ స్తంభం వెనకాల, వెలుగు రాజుకుంటోంది. తొన పైకొచ్చింది. రాగానే ఆ పొగంతా అడుగునించి పై దాకా భగ్గుమని బంగారమైపోయింది. మంచు ముసలమ్మలందరి తలల మీదా కుంకుమ చల్లినట్టయింది. సైమా రవికలోంచి బ్యాటరీ తీసి కెమెరాలో వేసేసరికి గుడిసె తలుపు తెరుచుకుంది.

తెరుచుకున్న తలుపులోంచి ముందు ఒక ఆవిరి మబ్బు వచ్చింది. మబ్బులోంచి ఓయ్వా వచ్చాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఒంటి మీద నూలు పోగు లేదు. నెత్తిన చారల టోపీ ఉంది. పైనించి పెళ్ళాం అరుపు లీలగా వినబడితే ఏమైందో చూద్దామని వచ్చాడో, చల్లబడ్డానికే వచ్చాడో గానీ, వచ్చినవాడు కొండ వైపు చూడలేదు. ఎదురుగా సూర్యుడు. రెండు నెలలుగా చూడని సూర్యుడు. ఓయ్వా సరస్సు మంచు మీద నాలుగడుగులు ముందుకి వేసి, ఒంటి నిండా ఆవిరి కక్కుతూ, రెండు చేతులూ ఆకాశం వైపు చాపి, చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"వచ్చావా!" అని ఆయన సూర్యుడితో అన్న మాట కొండ మీదకి స్పష్టంగా వినపడింది. "వచ్చావా నాయనా!"

సైమా మీట నొక్కింది. నొక్కుతుండగానే రెండో కన్నూ మూసుకుపోయింది. ఇక గుడ్డిగా, నవ్వుతూ, వణుకుతూ, వేలికి తెలిసినంత మేరకి నొక్కుతూనే ఉంది. కాసేపటికి కెమెరా గుర్రుమని ఆగిపోయింది. మారెత్ తన అరచేతులు రెండూ ఆవిడ కళ్ళ మీద పెట్టి రెప్పలు కరిగించేసరికి తొన దిగిపోయింది. పొగ మళ్ళీ మామూలు పొగైంది.

ఏం పడిందో చూడ్డానికి లేదు. అంత చలిలోనించి వచ్చిన కెమెరాని ప్లాస్టిక్ సంచీలో బిగించి కట్టి, చాలాసేపు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. లేకపోతే లోపలంతా చెమట పడుతుంది. సైమా సంచీ కట్టి, దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని కొండ దిగింది.

వెనకాలే కౌకో సేన దిగింది. కొండ భుజం మీదకి వాళ్ళు చేరేసరికి సూర్యుడు వెళ్ళిపోయాడు. కౌకో గుడిసె ముందు ఆగి, గడ్డం మీద మంచు పెళుసుపెళుసుగా రాలుతుండగా, తువ్వాలు చుట్టుకుని నించున్న ఓయ్వా మీద విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా, ఏడాదికొక్క రోజు! ఒక్క రోజు ఆ పొయ్యి జోలికి పోకుండా ఉండలేకపోయావా?"

ఓయ్వా టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. సైమా వైపు చూశాడు, కౌకో వైపు కాదు.

"కిందటేడు కొండ దిగొచ్చినప్పుడు దీని కాలి వేళ్ళు పాలిపోయాయి. రాత్రంతా ఏడ్చింది. సూర్యుడి సంగతి నాకు గుర్తు రాలేదు కౌకో. దీని వేళ్ళే గుర్తొచ్చాయి."

సైమా మొగుడి మీద అప్పటిదాకా కూడగట్టుకున్న కోపం ఎటు పోయిందో పోయింది. ఈ మనిషంటే తనకి ఎంత ఇష్టమో ఆ క్షణంలో ఆవిడకి నిలువునా తెలిసింది. తెలిసినా, "తువ్వాలు జారుతోంది చూసుకో," అని మాత్రం అంది.

ఇంత చలిలో కాగిన సౌనా ఎదురుగా ఉంటే ఎంతసేపని కోపంగా ఉంటారు? ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తరవాత లోపలికి వెళ్ళారు. మీసాలాయన నోరు కరిగి తెరుచుకుంది. తెరుచుకున్నాక మూతపడలేదు. కౌకో కోపం ఒంటి మీద బట్టలున్నంతసేపే ఉంది. పై బల్ల మీద కూర్చుని రాళ్ళ మీద మూడో చెంబు నీళ్ళు తానే పోసి, "ఓయ్వా, కట్టెలు బిర్చి చెట్టువేనా? మంచి వేడి," అన్నాడు.

ఇంటికొచ్చాక సైమా వంటింటి బల్ల దగ్గర కూర్చుని సంచీ విప్పింది. ఫొటోలు ఒక్కొక్కటే తెరిచింది. మొదటివి రెండు నల్లగా ఉన్నాయి. ఒకటి అంతా ఆవిడ కనురెప్పే. ఆ తరవాతది తెరవగానే ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుండిపోయింది. ఓయ్వా భుజం మీదనించి తొంగి చూశాడు.

నీలం మంచు, కుంకుమ చెట్లు, నేలనించి ఆకాశం దాకా బంగారు స్తంభం, దాని పక్కనించి తొంగి చూస్తున్న సూర్యుడు. అడుగున బొటనవేలి గోరంత మనిషి. వెనక్కి తిరిగి ఉన్నాడు. ఒళ్ళంతా ఆవిరి, చేతులు పైకి, కాళ్ళు నేల మీద లేవు.

"అదేమిటే, నేనా?"

"నువ్వే."

"ఈ తెల్లగా కనపడేది?"

"అదీ నువ్వే."

ఓయ్వా ఇంకా ముందుకి వంగాడు. "మొహం కనపడటం లేదుగా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. "ఇచ్చెయ్."

"టోపీ ఊరందరికీ తెలుసయ్యా!"

"టోపీ చూస్తే ఏం? టోపీలో సిగ్గుపడేది ఏముంది?"

ఏప్రిల్లో భోజనాల గది నిండిపోయింది. సంఘం వాళ్ళే కాదు, సైమా పందెం సంగతి తెలిసి ఊళ్ళో సగంమంది వచ్చారు. కౌకో ఫొటో ముందు వేశారు. నీలంగా, నిశ్శబ్దంగా, వంక పెట్టడానికి లేకుండా ఉంది. సూర్యుడొక్కడే లేడు. తరవాత సైమాది గోడ మీద పడింది.

జనం మెడలు చాచి చూశారు. ఇంతలో వెనక బెంచీలోంచి ఎవరో "టోపీ..." అన్నారు. ఒక ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుంది. మరుక్షణం గది గదంతా పగలబడింది. పోస్టు బండివాడు బల్ల కిందకి పోయాడు. ఓయ్వా లేచి నించుని పెళ్ళికొడుకులా నాలుగు వైపులా తల వంచాడు.

కౌకో మాత్రం నవ్వలేదు. లేచి గోడ దగ్గరికెళ్ళి, ముక్కు ఆనించేంత దగ్గరగా నించుని చూశాడు.

"పొగ ఉంది," అన్నాడు. "అడుగుజాడలున్నాయి. అన్నిటికీ మించి మనిషున్నాడు. నియమం ప్రకారం..."

"మనిషేమిటి కౌకో?" అంది మారెత్. "అది ఓయ్వా!"

మళ్ళీ నవ్వులు. కౌకో ఇటు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. కోపంతోనేమో అనుకున్నారు అందరూ. కాదు. ఆ మనిషి నవ్వగా ఊళ్ళో చాలామంది చూడలేదు. అలవాటు లేని నవ్వు కాబట్టి బయటికి రావడానికి దారి దొరక్క ఆయన్ని నిలువునా కుదిపేస్తోంది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ గోడ వైపు చూసి, మళ్ళీ నవ్వాడు.

"ఏటా సూర్యుణ్ణే తీశాను," అన్నాడు కొంచెం ఊపిరి అందాక. "ఆయన్ని చూస్తే మనకెలా ఉంటుందో ఎప్పుడూ తియ్యలేదు."

అని కోటు జేబులోంచి ఉన్ని తొడుగు తీసి, చేతికి తొడుక్కుని, అందరికన్నా ముందు పైకెత్తాడు. తరవాత తొడుగులు లేచాయి. తొడుగులు తెచ్చుకోని ఊరివాళ్ళు మేజోళ్ళు ఊడదీసి ఎత్తారు. సైమా మొహం చేతుల్లో దాచుకుంది.

అలా మరుసటి జనవరిలో నిల్లివారాలో ప్రతి వంటింట్లో కాఫీ తాగేవాళ్ళకి ఎదురుగా ఓయ్వా ఎగురుతూ కనిపించాడు. చీకటి ఇంకా వదలని పొద్దుల్లో జనం లేచి, దీపం వేసుకుని, ఆయన్ని చూసి నవ్వుకుని, పనుల్లోకి పోయారు. పాదరీ గారి వంటింట్లో కూడా ఉన్నాడని వినికిడి. అక్కడ నడుము దగ్గర ఓ తపాలా బిళ్ళ అంటించారట.

సెలవుల తరవాత బడి తెరిచిన గురువారం సైమా తలెత్తుకుని వడ్డనకి నించుంది. వరసలో ముందున్న పిల్ల పళ్ళెం చాపింది.

"నవంబరమ్మా, జనవరి తాత బాగున్నాడా?"

సైమా గరిటె గాల్లోనే ఆగింది. "జనవరి తాతెవరే?"

"ఓయ్వా తాత! ఊరంతా అలాగే అంటోంది."

అదీ సంగతి. ఇన్నేళ్ళు కాళ్ళరిగేలా కొండలెక్కింది ఈవిడ. రెప్పలు అతికించుకున్నది ఈవిడ. పేజీ గెలిచింది ఈవిడ. పేరు మాత్రం పొయ్యి ముట్టించి బయటికొచ్చి గెంతినవాడికి పోయింది! సైమా మండిపడదామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి నవ్వే వచ్చింది. ఆ పిల్లకి జామ్ రెండు గరిటెలు వేసింది.

ఆ వారంలోనే సూర్యుడొచ్చే రోజు. చలి మళ్ళీ నలభైకి దిగింది. సైమా ఇంకా కాఫీ పూర్తి చెయ్యలేదు, తలుపు దబదబా బాదిన చప్పుడైంది. తెరిస్తే కౌకో. వెనకాల స్టాండ్లు భుజాన వేసుకుని సంఘమంతా ఉంది.

"ఓయ్వా ఎక్కడ?" అన్నాడు కౌకో రొప్పుతూ. "ఇంకా ఇంట్లోనే ఉన్నాడా? పొయ్యి ఎప్పుడు ముట్టిస్తాడు? పొగ కొండ సందు దాకా లేవాలంటే ఎంత టైము పడుతుందో తెలుసా?"

లోపలినించి ఓయ్వా టోపీ సర్దుకుంటూ వచ్చాడు. టోపీ అంచు మీద ఎర్ర దారంతో 'జనవరి' అని కొత్తగా కుట్టి ఉంది. కౌకో చూపు దాని మీదనించి సైమా మీదకి పోయింది. అక్కడ ఏప్రన్ మీద, గుండెకి అడ్డంగా, అదే దారంతో, ఇంతింత అక్షరాలతో 'నవంబరు' అని ఉంది.

"నువ్వు గెలిచావు కదా, సైమా!" అన్నాడు కౌకో తెల్లబోయి. "ఎవరు కుట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు," అంది సైమా బ్యాటరీలు రవికలోకి తోసుకుంటూ. "దారం మిగిలింది."